కోరిక మాత్రకు మొగుడి సాక్ష్యం

శుక్రవారం ఇంటి ప్రార్థనలో ఎవరి విన్నపం వాళ్లు పైకి చెప్పుకోవడం మలేసియాలోని క్లాంగ్‌లో మా తెలుగు క్రైస్తవ కుటుంబాల ఆనవాయితీ. ఒకరికి నడుంనొప్పి, ఒకరికి కొడుకు ఉద్యోగం. ఆ వారం మా ఆయన లేచి, పన్నెండు మంది ముందు, "మా ఇంటిదానికి నా పక్కన పడుకోడానికే మనసు నేదు. ఆ కోరిక మల్లీ పుట్టాలని ప్రార్థన సెయ్యండి లా" అన్నాడు, ఇక్కడి అలవాటు కొద్దీ చివర 'లా' తగిలించి.

అన్నది అబద్ధం కాదు. ఏడాదిన్నరగా నాకు కోరిక లేదు. అది నాకూ బాధే. అతనికి దక్కనందుకు కాదు, నాదైనదేదో నా ఒంట్లోంచి చెప్పకుండా వెళ్లిపోయినందుకు. ఆ బాధేమిటని ఒక్కరడిగితే ఒట్టు! అందరూ నా తలమీద చేతులు పెట్టారు. మా పెద్దత్త అయితే చెవిలో, "మగోడు ఎన్నాల్లు ఊరుకుంటాడే? దానికీ మందొచ్చినాదట, డాక్టర్ కాడికెల్లు" అంది.

సోమవారం వెళ్లాను. ఆయన వెంటబడి వచ్చాడు. డాక్టరమ్మ తమిళంలో విడమరిచి చెప్పింది. అలాంటి మాత్ర విదేశాల్లో ఉందట. రోజూ పడుకునే ముందు వేసుకోవాలి, బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు, మద్యం తోడైతే మరీ ప్రమాదం, అందరికీ పనిచేయదు. తర్వాత నా వైపు తిరిగి, "కోరిక లేదని మీకు బాధగా ఉందా?" అంది.

"ఉంది డాక్టర్, శానా." జవాబు మా ఆయనది.

నాకు ఒళ్లు మండిపోయింది. తెలుగులోనే అందుకున్నాను. "రెండేళ్ల కిందట మగోళ్ల మాత్ర కోసం ఇక్కడికే వచ్చినావు. ఐదు నిమిషాల్లో రాయించుకున్నావు. నన్ను ఎంటబెట్టుకు రమ్మన్నారా? నా బాధ అడిగినారా? నీ విన్నపం ఏ ప్రార్థనలో సెప్పినావు?"

"మెల్లిగా మాటాడే, బయటోళ్లకి ఇనిపిస్తాది."

"పన్నెండు మందికి నువ్వే ఇనిపించినావు. ఇంకెవరు మిగిలినారు లా?"

ఆయన్ని బయట కూర్చోమన్నాను. అప్పుడు డాక్టరమ్మ నేను వాడే మందులన్నీ అడిగింది. అమ్మ పోయాక దిగులు తగ్గడానికని ఇంకో క్లినిక్‌లో ఇచ్చిన మాత్ర పేరు చెప్పాను. అది కొందరిలో కోరికను అణిచేస్తుందట! ఏడాదిన్నర మింగాను. ఇచ్చినాయన ప్రతిసారీ నిద్ర సంగతి అడిగాడు, ఆకలి సంగతి అడిగాడు. ఇది అడగలేదు. ఆడదానికి అదొకటి ఉంటుందని తోచలేదు కాబోలు.

"మీ అంతట మీరు ఆపకండి. ముందు దీన్ని మార్చే దారి చూద్దాం" అందామె. వచ్చేసారి ఒక్కదాన్నే వస్తానన్నాను.

బయటికి రాగానే మా ఆయన నన్ను దాటి డాక్టరమ్మ తలుపు వైపు అడుగేశాడు. "ఏటి రాసినాదో కనుక్కొస్తాను."

"నేనిక్కడే ఉన్నాను. నన్నడుగు."

అడగలేదు. ఇల్లు చేరేదాకా కారు ఏసీ పనిచేయడం లేదనే మాట్లాడాడు.