వేలు పెదవికి రాసుకోండి

గుంటూరులో నేను కళ్ల డాక్టరుగా చేరిన కొత్తలో మా ఆసుపత్రి ల్యాబ్‌లో ఒకావిడ ఉండేది. కన్నీళ్లు ఊరక కళ్లు ఎండిపోయినవాళ్ల రక్తమే తీసి, పైకి తేరిన సీరంలో సెలైన్ కలిపి వాళ్లకే చుక్కల మందు చేసేది. ప్రతి సీసానూ కిటికీ వెలుగులో పట్టి చూసేది. కాస్త ఎర్రజీర కనిపించినా పారబోసేది.

ఒకరోజు మిర్చియార్డులో తొడిమలు తీసే మనిషి వచ్చి, "ఈ మందేస్తే కళ్లు మండిపోతన్నాయండి" అంది. సెలైన్ పాళ్లు తప్పాయనుకుని అందరి ముందూ ల్యాబ్ ఆవిడను కేకలేశాను. ఆవిడ ఆ మనిషివైపు తిరిగింది.

"చేతులు కడుక్కునే వేసుకున్నావా అమ్మా?"

"సబ్బుతోనే కడిగానండి."

"ఆ వేలు ఒకసారి పెదవికి రాసుకో."

రాసుకోగానే ఆ మనిషి ముఖం చిట్లించింది.

"కారం ఒక్కసారి కడిగితే పోదండి" అంది ల్యాబ్ ఆవిడ నాతో, మెల్లగా. "మా అమ్మదీ తొడిమల పనే."

మందు ఎవరు చేసినా ఒకేలా ఉండాలని ఆ వారమే నేను నియమాలు రాశాను. రక్తం ఎంతసేపు కదలకుండా ఉంచాలో, సెలైన్ ఎన్ని పాళ్లో, సీసా ఎన్నాళ్లు ఐసులో దాచాలో అన్నీ ఇంగ్లీషులో టైపు చేయించి, మందిచ్చే కిటికీ పక్కన అంటించాను. మర్నాటికి దాని అడుగున పెన్నుతో, ఆవిడ గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఇంకో నియమం ఉంది: "వేలు పెదవికి రాసుకోండి. మండకుండా అయ్యేదాకా కడగండి."

నేను ఆవిడకు సారీ చెప్పలేదు. చెప్పాల్సింది. మందు కోసం ఆ కిటికీ దగ్గర నిలబడేవాళ్లలో చాలామంది ఆ కాగితంలో చదవగలిగింది ఆవిడ రాసిన ముక్క ఒక్కటే.