బానెట్ కింద వేడి ఎటు పోతది?

నేను ఆ పాత పెట్రోల్ జీపు కొన్నప్పుడు కరీంనగర్‌ల ఎవరూ మెచ్చుకోలే. పశువుల డాక్టరమ్మకు గా బండెందుకు అన్నరు. కానీ నాకు పోస్టింగ్ వచ్చింది ఆదిలాబాద్ గుట్టల మీద. నేను తిరగవలసిన గూడాలల్ల సగానికి బస్సు లేదు, మిగిలిన వాటికి సరైన తొవ్వ లేదు. టీకాల ఐసు డబ్బా పక్కన పెట్టుకొని వాగులు దాటాలంటే నాలుగు చక్రాలు గుంజే బండే కావాలె. కొన్న తర్వాత ఒకసారి వాగుల రాయి తగిలి ఇంజన్ అడుగు సొట్టపోతే, వెల్డింగ్ షాపుల కింద మందపు రేకు కూడా కొట్టించిన.

మొదటి ఎండాకాలంలనే పరేషాన్ మొదలైంది. నడుపుతుంటే కాలు కాలేది. చెప్పు అడుగు మెత్తబడి పెడల్‌కు అతుక్కునేది. బానెట్ మీద నీళ్లు చల్లితే సుయ్యిమనేది. ఇంజన్ వేడి చూపించే సూది మాత్రం ఎప్పుడు చూసినా నడుమలనే నిలబడి ఉండేది.

మా బాపు మస్కట్‌ల ఏండ్లకేండ్లు నీళ్ల ట్యాంకర్ నడిపి వచ్చిండు. ఇంజన్ల సంగతుల ఇంట్ల ఆయన మాటే ఆఖరు. ఫోన్ జేస్తే ముందుగాల అడిగింది సూది గురించే.

"నడుమల ఉన్నదా?"

"ఉన్నది బాపూ. కానీ కాలు కాలుతుంది."

"సూది నడుమల ఉంటే ఇంజన్ మంచిగున్నట్టే బిడ్డా. జర బూటు ఏసుకో."

బూటు ఏసుకున్న. కాలుకు మంట తగ్గింది గాని ఫికర్ తగ్గలే. కరీంనగర్ పోయినప్పుడల్లా ఎవరో ఒక మెకానిక్‌కు చూపించేదాన్ని. ఒకాయన రేడియేటర్ కడిగించిండు. ఒకాయన ఫ్యాను బెల్టు మార్చిండు. ఇంకొకాయన పెట్రోల్ల కల్తీ ఉన్నదన్నడు. ఎవరి మాట ఇంటే వాళ్లదే నిజమనిపించేది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఏదీ నిజం కాదనిపించేది.

మృగశిర ఇంకా కొన్ని రోజులున్నదనంగ ఒక గూడానికి గొంతువాపు టీకాలు తీసుకొని బయలుదేరిన. వానలు పడకముందే ఆ టీకా పడాలె. పడకపోతే ఎడ్లు దున్నే కాలంల కూలిపోతయి. గుట్ట ఎక్కుతుంటే జీపు దగ్గి ఆగిపోయింది. సూది నడుమలనే ఉన్నది. అరగంట కూసున్నంక దానంతట అదే లేచింది. రెండు మలుపులు తిరిగినంక మల్ల ఆగింది. అట్ల మూడుసార్లు. గూడెం చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది.

పశువులన్నీ వరుసగ కట్టేసి ఉన్నయి. డబ్బా మూత తీసిన. ఐసు మొత్తం కరిగి గోరువెచ్చని నీళ్లైంది. సీసాలు అందుల తేలుతున్నయి. నేను డబ్బా పెట్టింది ఇంజన్ గోడకు ఆనిచ్చి. అది నాకు అప్పుడు గాని తట్టలే.

రెండెడ్ల ఆసామి ఒక ముసలవ్వ ముంగటికొచ్చింది.

"పొద్దటి సంది మేతకు ఇడువలే డాక్టరమ్మా. మందు కండ్ల ముంగటనే ఉన్నది గదా, పొడువరాదు?"

"వేడికి చెడిపోయిందవ్వా. పొడిసినా పనిజెయ్యది."

"చెడిపోయిందని ఎట్ల తెలుస్తది? చూస్తే మంచిగనే ఉన్నది."

నాలుగు రోజులల్ల మల్ల వస్తనన్న. ఆమె ఎడ్ల పలుపులు ఇప్పి, వాటెంబడి నడిసి పోయింది. సిగ్గుతోని నా తల లేవలే.

ఫోన్ల సంగతి ఇని మర్నాడు బాపు బస్సెక్కి వచ్చిండు. ఇద్దరం భైంసాల ఒక ముసలి మెకానిక్ దగ్గరికి పోయినం. అక్కడందరు ఆయన్ను ఉస్తాద్ అంటరు. ఆయన రేడియేటర్ దిక్కు చూడనే లేదు. పెట్రోల్ పైపు మీద చెయ్యి పెట్టి, చప్పున గుంజుకున్నడు.

"వేడి రెండు తీర్లుంటది బేటీ. నీళ్ల వేడి వేరే, గాలి వేడి వేరే. సూది నీళ్లదే చెప్తది. బానెట్ కింద గాలి సంగతి దానికేం ఎరుక? పైపుల పెట్రోల్ మసిలి ఆవిరైతుంది. ఆవిరిని పంపు గుంజలేదు. చల్లారితే మల్ల నడుస్తది."

బాపు మొఖం చిన్నగైంది. ఉస్తాద్ బానెట్ కీళ్ల కింద వాషర్లు పెట్టి, అద్దం దిక్కు అంచును రెండు వేళ్ల మందం లేపిండు. బండి నిలబెట్టి చూస్తే ఆ సందు నుంచి వేడి గాలి భగభగ బయటికొచ్చింది. సంబురపడ్డ. కానీ నిర్మల్ రోడ్డు మీద జోరుగ పోతే కాలు ముందటికన్న ఎక్కువ కాలింది. వాపస్ వచ్చినం.

"సందు నుంచి వేడి బయటికే పోతది, అట్ల కాదే కాదు," అన్నడు ఉస్తాద్. బాపు వాదానికి దిగిండు. ఎవరిని నమ్మాలో నాకు సమజ్ కాలే. ఆఖరికి బాపు నా సంచిల నుంచి కుట్లేసే దారం తీసి, తునకలు కోసి, బానెట్ అంచుకు పట్టీతోని అంటించిండు.

"ఇగ దారమే చెప్తది. పోనీ బిడ్డా."

మెల్లగ పోతుంటే దారాలు బయటికి, పైకి ఊగినయి. జోరు పెంచంగనే ఒక్కసారి సందులకు దూరినయి.

"లోపలికి పోతున్నయి!" అని ఎనుక సీట్ల నుంచి బాపు మొత్తుకున్నడు. నెమ్మది చేస్తే మల్ల బయటికి. ఒక్కటే సందు. అది గాలి తీసుకునేదా, ఇడిసేదా?

వాపస్ వచ్చి చెప్తే ఉస్తాద్ బానెట్ అంచును వేళ్లతోని తడిమి చూసిండు. తర్వాత అన్నడు: "జోరుగ పోతే గాలి అద్దానికి కొట్టుకొని ఈ సందుల నుంచి లోపలికి దూరుతుంది. ఇంజన్ వేడి కిందికి పోవాలె. కింద ఏమున్నది?"

"రేకున్నది. నేనే కొట్టించిన."

"కాలు కాలుడు రేకుకు ముందా, తర్వాతనా?"

ఎంత యాద్ జేసుకున్నా యాదికి రాలే. ఒకసారి ముందనిపిస్తది, ఒకసారి తర్వాతనిపిస్తది.

ఇగ ఉస్తాద్ అన్నీ చేసిండు. రేకుకు ఎనుక దిక్కు వెడల్పు సందులు కోసిండు. పెట్రోల్ పైపును సైలెన్సర్ గొట్టానికి దూరం జరిపిండు. గొట్టానికి వేడికి కాలని పట్టీ చుట్టిండు. వాషర్లు తీసేసి బానెట్ దించిండు. బాపు ఎవరికీ చెప్పకుండ ఐసు డబ్బాను ఎనుక సీటుకు కట్టిండు.

నాలుగో రోజు అదే గుట్ట. జీపు ఎక్కడా ఆగలే. పశువులన్నిటికి టీకాలేసినం. ముసలవ్వ ఎడ్ల వంతు వచ్చినప్పుడు మందు సీసా ఆమె చేతిల పెట్టిన. దవడకు ఆనిచ్చుకొని "సల్లగున్నది" అన్నది. వానలల్ల ఆ గూడెంల ఒక్క పశువు కూడా గొంతువాపుతోని పోలే.

దిగేటప్పుడు బాపును అడిగిన, ఇంతకు ఏది పనిజేసిందని. పైపు అన్నడు. ఉస్తాద్‌కు ఫోన్ జేసి అడిగితే రేకు అన్నడు.

"ఖచ్చితంగ తెలువాలంటే ఒక్కొక్కటే ఇప్పి చూడాలె బేటీ," అని నవ్విండు.

నేను ఇప్పియ్యలే.