ఘనీ భాయ్ తుఫాను సామాను

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని టీవీలో చెప్పగానే సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదు. ఎల్లారెడ్డిలో మాత్రం ఘనీ భాయ్ తన ఇంటి కిటికీలకు ప్లైవుడ్ కొడతాడు. మా ఊరివాళ్లు సముద్రం చూడాలంటే ముందు కామారెడ్డి పోయి రైలెక్కాలి, ఆ తర్వాత రాత్రంతా నిద్రపోవాలి. అయినా కొడతాడు.

పాత బస్టాండు దగ్గర నాకు ఇనుప సామాను దుకాణం ఉంది. మేకులు, తాళ్లు, టార్పాలిన్లు అన్నీ నా దగ్గరే కొంటాడు. అందుకే ఆయన పిచ్చిని మాన్పించడానికి నేను పెద్దగా ప్రయత్నించలేదు.

దుకాణంలోకి వస్తూనే ఒకటే ప్రశ్న: "నగేశ్ భాయ్, పేరు పెట్టిండ్రా?" పేరు పెడితేనే అది తుఫాను, లేకపోతే ఉత్త వాన. ఆయన దగ్గర ఈ విషయంలో బేరాల్లేవు.

ఈ రోగం ఎక్కడ అంటిందో చెప్పాలి. ఘనీ వడ్రంగి. తొమ్మిదేళ్ల కింద ఒక ఏజెంటు గల్ఫ్ లాంటిదేనని చెప్పి, హోటల్ తలుపులు బిగించే పనికి కరీబియన్ సముద్రంలోని ఒక దీవికి పంపించాడు. ఆ దీవి పేరు ఘనీ నోట ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించమంటే ఉత్త నీలం రంగు మీద వేలు పెట్టి, "ఈడనే ఉంటుండె" అన్నాడు.

అక్కడ కొత్తగా వచ్చినవాళ్లకు తుఫాను నేర్పాలట. ఘనీ అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆ పని నెత్తికెత్తుకుంది. బిందెలన్నీ నింపమంది. చెట్ల మీది కొబ్బరికాయలు ముందే దింపించింది, గాలికి అవి ఫిరంగి గుండ్లవుతాయట. పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవర్లో చుట్టి బొడ్లో దోపుకోమంది. మనవాడు నవ్వాడు. గాలివానకు మా ఊళ్లో కూడా మామిడికాయలు రాలతాయని ఆమెకు తిరుగు పాఠం చెప్పాడు.

తుఫాను వచ్చింది. నాలుగు గంటలు ఇద్దరూ ఇంటామె బాత్రూములో తలుపు పట్టుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి గాలి ఆగింది. ఎండ కూడా వచ్చింది. అయిపోయిందనుకుని ఘనీ తడిసిన బట్టలు తీసుకెళ్లి బయట తీగ మీద ఆరేస్తున్నాడు. ఇంటామె పరుగెత్తుకొచ్చి కాలర్ పట్టుకుని లోపలికి లాగింది. "సగమే అయింది" అందట. తుఫానుకు నడిమిట్ల కన్నుంటుందని, అది దాటాక మిగతా సగం ఎదురు దిక్కు నుంచి వస్తుందని మనవాడికి అప్పటిదాకా తెలియదు. కాసేపట్లో తీగ, రెండు చొక్కాలు, ఒక లుంగీ దేశం వదిలిపోయాయి.

అప్పటినుంచి ఎల్లారెడ్డిలో ఏది ఆగినా ఘనీ నమ్మడు. వాన ఆగి అందరూ రోడ్డెక్కితే ఆయన ఒక్కడే గడపలో నిలబడి "సగమే అయింది" అంటాడు. కరెంటు వచ్చినా కొవ్వొత్తి ఆర్పడు. ఒకసారి నాకూ నా భార్యకూ గొడవై సద్దుమణిగింది. ఘనీ నా భుజం తట్టి, "సగమే అయింది నగేశ్ భాయ్" అన్నాడు. ఆ సాయంత్రానికి అది నిజమైంది, అది వేరే సంగతి.

కిటికీలు మూసినప్పుడల్లా ఆయన భార్య హఫీజా మూడేసి రోజులు పట్టపగలు లైటేసుకుని రొట్టెలు చేస్తుంది. ఒకసారి బీర్కూర్ నుంచి ఆమె అన్నవదినలు సేమ్యా టిఫిన్ పట్టుకుని వచ్చి, చెక్కలు కొట్టిన కిటికీలు చూసి, ఈసారి ఇద్దరూ గల్ఫ్ పోయారనుకుని తిరిగి వెళ్లిపోయారు. ఆ సేమ్యా గురించి ఆమె ఇప్పటికీ మాట్లాడుతుంది.

తమాషా ఏమిటంటే, నిజంగా వానలు దంచికొట్టి రోడ్లు తెగిన ఏడాది మావాడు ఒక్క మేకు కొట్టలేదు. బీర్కూర్‌లో అత్తగారింట్లో రెండు రోజులు ఇరుక్కుపోయాడు. ఏమైంది భాయ్ అని అడిగితే, దానికి పేరు పెట్టలేదు కదా అన్నాడు.

వీటన్నిటికంటే నాకు మింగుడుపడనిది తుఫాను సామాను. పది కిలోల బియ్యం, పప్పు, నూనె, బిస్కెట్లు ఒక నీలం డ్రమ్ములో పెడతాడు. ఆ డ్రమ్ము తన ఇంట్లో ఉండదు, వెనక గల్లీలో సాలవ్వ రేకుల ఇంట్లో ఉంటుంది. సామాను వేరేవాళ్ల ఇంట్లోనే పెట్టాలట. తుఫాను పోయాక వెనక్కి తెచ్చుకుంటే అరిష్టమట. అది దీవి నియమమని చెప్పాడు. పిల్లి తుమ్మితే ఎగిరిపోయే ఇంట్లో సామాను దాచే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

సాలవ్వ బీడీలు చుట్టి బతికే ఒంటరి మనిషి. ఒకరు పెట్టిన అన్నం ముట్టదు. మొన్న చలికాలం ఎవరో కుర్రాళ్లు దుప్పటి ఇచ్చి ఫోటో దిగితే, "ఫోటో అయింది గద, తీస్కపోండ్రి" అని దుప్పటి వాపసు ఇచ్చింది. అలాంటి ఆమె ఘనీ డ్రమ్ముకు మాత్రం చోటిచ్చింది. పిచ్చోనికి సాయం చేస్తున్నానని అందరికీ చెప్పుకునేది.

ఈ ఏడాది ఎండాకాలమంతా బంగాళాఖాతం గుర్రు పెట్టి పడుకుంది. చిన్న అల్పపీడనం కూడా లేదు. ఘనీ సంతోషించాలి కదా. లేదు. రోజూ దుకాణానికి వచ్చి, "ఏమన్న పడ్డదా?" అని అడిగి, లేదంటే మొహం వేలాడేసుకుని పోయేవాడు. తుఫానుకు భయపడే మనిషి తుఫాను కోసం ఎదురుచూడటమేమిటో నాకు అర్థం కాలేదు.

జూన్‌లో ఒకరోజు పొద్దున్నే బియ్యం మూట భుజాన వేసుకుని వచ్చాడు. "పడ్డది. పేరు గూడ పెట్టిండ్రు."

ఎక్కడ అని ఫోన్ చూశాను. కరీబియన్‌లో. భూమికి అవతలి పక్క. అది ఎల్లారెడ్డి రావాలంటే వీసా కావాలన్నాను. ఆయన నవ్వకుండా వెనక గల్లీ వైపు నడిచాడు. ఇంత మంచి జోకు సాలవ్వకు నేనే చెప్పాలని దుకాణం వదిలేసి వెంటపడ్డాను.

సాలవ్వ గడపలో కూర్చుని ఉంది. ఒళ్లో చాట ఉంది కానీ అందులో బీడీ ఆకు లేదు. చేతులు వణుకుతున్నాయని బీడీల కార్ఖానావాళ్లు రెండు నెలలుగా ఆకు ఇవ్వడం లేదని, ఎండ గురించి చెప్పినట్టు చెప్పింది. లోపల పొయ్యి మీద ఇంత గంజి ఉంది. మూలన నీలం డ్రమ్ము కడిగి బోర్లించి ఉంది.

వీసా జోకు చెప్పలేదు. చాలా సిగ్గేసింది.

ఘనీ తుఫాను కథ మొదలుపెట్టాడు. సాలవ్వ ఆయన్ని చూసి, తలెత్తి మండుతున్న ఎండను చూసి, నా వైపు తిరిగింది. "నగేశూ, నువ్వు టీవీ చూస్తవు గద. నిజంగ వస్తున్నదా?"

దుకాణంలో ప్రతి నల్లా పదేళ్లు కారదని చెప్పే నోరు నాది. ఆ రోజే మొదటిసారి అబద్ధమాడేవాడిలా తడబడ్డాను.

"వస్తున్నది అవ్వా. పెద్దదే. పేరు గూడ పెట్టిండ్రు."

ఆమె ఒళ్లోని చాట తీసి కింద పెట్టింది. "ఘనీకి ఒక్కనికే అనుకున్న. నీకు గూడ అంటుకున్నదా?" అని పక్కకు జరిగింది. "పెట్టుండ్రి మరి, ఆ మూలకు."

బయటికి వచ్చాక, దీవిలో నిజంగా అలాంటి నియమం ఉందా అని అడిగాను.

"లేదు భాయ్. నేను కొత్తగ పోయినప్పుడు పని మొదలుగాలే. ఒక్కపూట తింటున్న అని ఎవ్వలికి చెప్పలే. ఒకనాడు ఆ ఇంటామె బియ్యం, చేపల డబ్బాలు తెచ్చి నా రూముల పెట్టింది. తుఫాను సామాను, నీ రూమే గట్టిగున్నది అన్నది. వాపస్ తీసుకోను, అరిష్టం అన్నది. తుఫాను వస్తే ఆ గల్లీల మొదలు లేచిపోయింది నా రూము రేకులే."

హఫీజాకు తెలుసా అన్నాను. మూట కట్టింది ఆమేనని చెప్పాడు.

వెనక నుంచి సాలవ్వ గొంతు వినిపించింది. "ఘనీ, వాన బందైందని ఉరికొచ్చి తీస్కపోతవేమో. సగమే అయితది, యాదుంచుకో."

ఘనీ తల దించుకుని నవ్వుకుంటూ నడిచాడు. ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో నేను లెక్కతేల్చే ప్రయత్నం మానేశాను.

దుకాణానికి వచ్చి ఒక ప్లైవుడ్ ముక్క తీసి నా కిటికీకి కొట్టడం మొదలుపెట్టాను. నల్లా కొనడానికి వచ్చిన రాములు చెమట తుడుచుకుంటూ ఇదేందని అడిగాడు. తుఫాను వస్తోందన్నాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఏ దిక్కు నుంచి అన్నాడు.

"దిక్కు తర్వాత చెప్త. నువ్వు మొదలు ఇంటికి పోయి ఇంత కందిపప్పు పట్కరా. సామాను సాలవ్వ ఇంట్ల పెట్టాలె."