మాబు మామ కట్టిన వైర్లు

ఏడో తరగతి నేను అదే గదిలో మళ్లీ మళ్లీ చదివాను. ఇంకొక్క ఏడాది ఉండుంటే బడివాళ్లు నన్ను కూడా బెంచీల లెక్కలో రాసుకునేవాళ్లు. అందుకే బయటపడి, ప్రొద్దుటూరులో బండ్ల కరెంటు పని నేర్చుకున్నాను. నా నోరు ఊరికే ఉండదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఒక్క సంగతి మాత్రం మొన్నమొన్నటిదాకా ఆ నోటినుంచి రాలేదు. ఏళ్ల తరబడి మోస్తున్నాను. మీకూ నాకూ ముఖపరిచయం లేదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

నాకు పని నేర్పింది మాబు మామ. పాత పెట్రోలు జీపుల్లో డిస్ట్రిబ్యూటర్ అని ఒకటుంటుంది. ఏ ప్లగ్గుకు ఎప్పుడు నిప్పురవ్వ అందాలో అదే పంచుతుంది. దాని మూత మీది వైర్లలో రెండు తారుమారైతే బండి కదలదు, దగ్గుతుంది, పొగగొట్టంలో టపటపా పేలుతుంది. మామ ఆ వైర్లను పక్కవాళ్లతో మాట్లాడుతూనే కట్టేవాడు. మళ్లీ చూసుకునేవాడు కాదు. మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు కట్టిన వైర్ల మీద ఇంకొకరు చేయి వేయకూడదు. తప్పయినా ఒప్పయినా కట్టినవాడిదే.

కరెంటును లోపల దాచుకునే కండెన్సరుకు నేను కరెంటు పట్టించి స్టూలు మీద పెట్టేవాణ్ణి. తెలియక పట్టుకున్నవాడు షాక్ కొట్టి ఎగిరిపడితే అందరం నవ్వేవాళ్లం. మామ కూడా ఎగిరిపడి, నన్ను తిట్టి, నవ్వేవాడు.

ఒకరోజు పులివెందుల రైతు జీపు పని ముగించి మామ నమాజుకు పోయాడు. షెడ్డులో నేనొక్కణ్ణే. మూత మీద రెండు వైర్లు తారుమారు చేశాను. మామ వచ్చి తాళం తిప్పుతాడు, జీపు దగ్గుతుంది, నేను చెప్పేస్తాను, ఒక తిట్టు తింటాను. అంతే అనుకున్నాను. కానీ మామ వచ్చేసరికి రైతు వచ్చి కూర్చున్నాడు. టీ అంగడి కాడివాళ్లు కూడా చేరారు. మామ తాళం తిప్పగానే జీపు టపాకాయలా పేలింది.

"ఏం మామా, కండ్లు కనపడ్డంలేదా? ఇంగ ఇంట్లో కూచోరాదా?" అన్నాడు రైతు.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. మామ వైర్లకేసి చూశాడు. తర్వాత నాకేసి.

"ఏమప్పా, నువ్వేమన్నా ముట్టినావా?"

"నేనేల ముడ్తా మామా? నువ్వు కట్టిందే గదా."

ఎందుకలా అన్నాను? కట్టుబాటు తప్పినవాణ్ణి షెడ్డులో ఉంచరని భయమా? పొద్దస్తమానం పదిమందినీ ఆటపట్టించే నేను, ఆ నవ్వు ఒక్కసారి నా మీదికి తిరిగితే తట్టుకోలేనా? భయమని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు. ఆ నవ్వు ఆగిపోవడం నాకిష్టం లేకపోయింది.

మామ వైర్లు సరిచేశాడు. ఒక్కొక్కటీ వేలితో తడుముతూ, పెదవులు కదుపుతూ. ఆయన అలా చేయడం అంతకుముందు నేను చూడలేదు. తర్వాత ప్రతి బండికీ అదే పని. కొన్నాళ్లకు తన చేతిని తనే నమ్మలేక, పని మానేసి జమ్మలమడుగులో కూతురి దగ్గరికి పోయాడు.

ఆయన చోటు నాకొచ్చింది. నేను విసిరే మాటలకు జనం ఇప్పటికీ నవ్వుతారు, బండి తీసుకుని పోతారు. ఎదురు విసిరేవాళ్లు లేరు. తిట్టేవాళ్లూ లేరు. ఒక్కోసారి నేనే ఒక మాట అని, మామ ఏమని తిట్టేవాడో అనుకుంటూ పానా పట్టుకుని అలాగే ఉండిపోతాను.

మొన్న బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. మామ అరుగు మీద శనక్కాయలు ఒలుస్తున్నాడు. చెప్పేశాను. మొత్తం. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. చెప్పినాక మాత్రం, అబద్ధమెందుకు, ఊపిరి లోపలిదాకా పోయింది. మామ ఒలవడం ఆపలేదు. తల ఎత్తలేదు.

"నన్ను నవ్వులపాలు చేసేటప్పుడు బజారంతా ఉన్న్యారు గదరా," అన్నాడు. "చెప్పేదానికి మాత్రం ఒక్కనివే వస్తివేంది?"