మూసిన నోళ్ల మీద మా పాట

నా చిన్నప్పుడు ఒక ఆదివారం, ఆరాధన అయిపోయాక, మా చర్చిలో ఉన్నవీ ఉన్నవాళ్లూ ఇవి: పాస్టరు గారింటి నుంచి మోసుకొచ్చిన టీవీ, దాని కింద ఒక బల్ల, పిడికిట్లో పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడ్డ పక్కింటి అక్క, ముందు వరుసలో మా నాయనమ్మ, ఆమె పక్కన మా నాన్న, వెనక సగం ఊరు. మాది టేకులపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఉండే చిన్న పల్లె. నాకప్పుడు పదేళ్లు.

పక్కింటి అక్క ఇల్లందులో డిగ్రీ చదివేది. గిటార్లతో, డ్రమ్ములతో దేవుని పాటలు పాడే ఒక రాక్ బ్యాండంటే ఆమెకు ప్రాణం. మొదట్లో పెద్దవాళ్లకు అవి నచ్చలేదు. "గిదేం పాటనే పిల్లా, గుట్ట మీంచి డబ్బాలు దొర్లినట్టు" అనేది మా నాయనమ్మ. అక్క నవ్వి ఊరుకునేది, మళ్లీ వినిపించేది. ఏడాది తిరిగేసరికి నాయనమ్మ ఆ పాటలు పాడుకుంటూనే పత్తి ఏరేది.

ఆ బ్యాండు ఇల్లందుకు వచ్చినప్పుడు ఊరిని కదిలించింది అక్కే. ట్రాక్టరు మాట్లాడింది, రానన్నవాళ్ల ఇళ్లకు రెండేసి సార్లు వెళ్లింది. ఇంకా ఎండ ఉండగానే మైదానంలో కార్యక్రమం మొదలైంది. నాలుగో పాటలో గాయకుడు గిటార్లు, డ్రమ్ములు ఆపించి, మైకు మా వైపు తిప్పి, మమ్మల్నే పాడమన్నాడు. పాడాం. కెమెరా అతను మా వరుసల మధ్యకు వచ్చాడు. నాయనమ్మ కొంగు సర్దుకుని మరీ పాడింది.

మా ఊళ్లో ఒక ఆచారం ఉంది. పాట చివరి పాదాన్ని ఎక్కడైనా రెండుసార్లు పాడతారు. మేం మూడోసారి కూడా పాడతాం. అది బొగ్గు గనిలో డ్యూటీ మీద ఉండి చర్చికి రాలేకపోయినవాళ్ల తరఫున. ఆ రోజు మా నాన్న డ్యూటీలో ఉన్నాడు. అందుకని ఆ మైదానంలో కూడా, మిగతా జనం ఆగిపోయాక, మా వాళ్లు మూడోసారి పాడారు. గాయకుడు దిగివచ్చి అక్కతో, "మీ పాటే ఈ వీడియోకు ప్రాణం సిస్టర్, మిమ్మల్ని అందరూ చూస్తారు" అన్నాడు. ఆ మాటను అక్క ట్రాక్టరులోనే అందరికీ చెప్పింది.

వీడియో విడుదలైన వారానికి అక్క దాన్ని పెన్‌డ్రైవులో ఎక్కించుకుని తెచ్చింది. తెచ్చేముందు తాను కూడా చూడలేదు. ఊరితో కలిసి చూడాలనుకుంది. నాన్నను నాయనమ్మే పట్టుబట్టి తీసుకొచ్చింది. "నీ కోసం పాడింది సూద్దువు రారా" అంది.

నాలుగో పాట వచ్చింది. గిటార్లు ఆగాయి. మా గొంతులు వినిపించాయి. తెర మీద మాత్రం ఏదో నగరంలోని హాలు, రంగు దీపాలు, పైకెత్తిన ఫోన్లు, మేం ఎన్నడూ చూడని మొఖాలు. చివరి పాదం మొదటిసారికీ రెండోసారికీ వాళ్ల పెదవులు పాటతో కలిశాయి. మూడోసారి వచ్చేసరికి వాళ్ల నోళ్లు మూసి ఉన్నాయి. పాట మాత్రం సాగుతోంది.

"మనం యాడున్నమే?" అని అడిగింది నాయనమ్మ. వెనక నుంచి ఎవరో, "ట్రాక్టర్లనే ఉన్నం అవ్వా, ఇంక దిగలే" అన్నారు. కొందరు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అందరూ టీవీని వదిలి అక్క వైపు చూస్తున్నారు. మాట ఇచ్చింది బ్యాండే అయినా, ఊరికి ఆ మాట చెప్పింది ఆమె.

అక్క తన చున్నీ తీసి టీవీ మీద కప్పింది. ఆ పాటను వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. "గిప్పుడు ఇనుండ్రి" అంది. బొమ్మ లేకపోయేసరికి గొంతులు విడివిడిగా తెలిశాయి. మూడోసారి పాదంలో అందరికంటే కాస్త వెనకబడి ఒక ముసలి గొంతు వచ్చింది.

"అవ్, గిది మా అమ్మనే" అన్నాడు నాన్న. "ఎప్పుడూ ఎన్కనే."

నాయనమ్మ కొంగు సర్దుకుని, "ఇన్నవు గదా, సాలు" అంది. కానీ ఆమె లేచి వెళ్లిన తీరు చూస్తే చాలలేదని నాకు తెలిసింది.

మర్నాడు అక్కతో కలిసి ఇల్లందు ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాను. వీడియో కింద అభిమానుల ఆనందం వరుసగా ఉంది. ఏడ్చేశాం అన్నారు, ఒళ్లు పులకరించింది అన్నారు, ఆ నగరపు జనం పాడిన తీరే వేరు అన్నారు. ఒకతను మాత్రం, చివరి పాదం మూడోసారి పొరపాటున వచ్చింది, ఎడిటరు నిద్రపోయాడు అని రాశాడు. అక్క దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తానూ రాసింది: "నాలుగో పాటలో గిటార్ ఆగిన చోట వినిపించే గొంతులు మా ఊరివాళ్లవి. ఇల్లందులో పాడాం. కనిపించే మొఖాలు మావి కావు. మూడోసారి పాడింది పొరపాటు కాదు. గనిలో డ్యూటీ మీదున్నవాళ్ల కోసం పాడాం."

"మోసం అని రాయవా అక్కా?" అని అడిగాను.

"గట్ల రాస్తే మోసమా కాదా అని నాతోని కొట్లాడుతరు తమ్ముడూ. గిదైతే, చెవులున్నోడు ఇంటే తెలుస్తది."

అయినా కొట్లాడారు. దేవుని మహిమ కోసం చేసిన దాంట్లో మీ మొఖాలెందుకు సిస్టర్ అని ఒకరు, పేరు కోసం పాకులాట అని ఇంకొకరు రాశారు. బ్యాండువాళ్లు ఏమీ అనలేదు. అక్క రాసినదాన్ని తీసేశారు, అంతే. అక్క మళ్లీ అవే మాటలు రాసింది. మళ్లీ తీసేశారు. కోపం పెరిగినా ఆమె ఒక్క మాట మార్చలేదు. ఆ బ్యాండు పాట మాత్రం ఆ తర్వాత ఆమె నోట నేను వినలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నింటికంటే బరువుగా అనిపించేది అదే.

నేనిప్పుడు సాఫ్ట్‌వేర్ లోపాలు పట్టే ఉద్యోగంలో ఉన్నాను. ఎవరైనా మాట తప్పినప్పుడు, చేసిన పని మీద వేరేవాళ్ల పేరు కనిపించినప్పుడు, గొంతు దాకా వచ్చిన తిట్టును పక్కన పెట్టి ఎక్కడ, ఏది, ఎవరిది అని మాత్రమే రాస్తాను. తీసేస్తే మళ్లీ రాస్తాను. అది అక్క నుంచి వచ్చిన అలవాటు.

ఆమె ఐదోసారి రాసింది ఇంకా అక్కడే ఉంది. దానికి లైకులు పదకొండు.