పిల్లలు లేని గూళ్లు

దెయ్యాలు, దిష్టి, సోది... ఇవేవీ నేను నమ్మను. ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే ఎగతాళి చేసి లేచి వెళ్లిపోయే రకం. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానా అంటే, లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

తమిళనాడులో ధర్మపురి బయట ఒక ప్రైవేటు ల్యాబులో ఎలుకల గదులు చూసుకోవడం నా ఉద్యోగం. ఒక గదిలో వైరస్ ఎక్కించిన ఎలుకలు ఉంటాయి. రెండో గదిలో ఏ రోగమూ లేనివి, ప్రయోగాల కోసం పెంచేవి. ఆ రెండో గదిలో పెట్టెలు కడిగే పనికి మా అక్కను నేనే చేర్పించాను. మహేంద్రమంగళంలో ఎండలో కూలికి పోవడం కన్నా ఇది నయం కదా అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అక్కకు పెళ్లయి ఏడేళ్లు. రెండుసార్లు కడుపు నిలవలేదు. మా వాళ్లలో మూడో నెల నిండేదాకా ఆ సంగతి గడప దాటనివ్వరు, చెబితే దిష్టి తగులుతుందని భయం. గర్భిణులు ఎలుకల గదిలోకి రాకూడదని తలుపు మీదే తమిళంలో రాసి ఉంది. అక్క అది చదివింది. కానీ పని మానితే కారణం చెప్పాలి, చెబితే ఈ బిడ్డ కూడా నిలవదని నోరు మూసుకుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

అప్పట్లో నేను చూసింది ఎలుకలను మాత్రమే. ఆ గదిలో ఒక వరుసంతా ఆడవి, మగదాని జాడ ఎరగనివి. వాటికి కాగితం పీలికలు వేస్తాం. వాటిని కాస్త పోగు చేసుకుని పడుకుంటాయి, అంతే. ఒక సోమవారం చూస్తే ప్రతి పెట్టెలోనూ ఎత్తుగా గోడలు, పైన కప్పు పెట్టి గూడు కట్టి ఉంది. ఈనబోయే ఎలుకలే అలా కట్టడం నేను చూశాను.

చలికేమో అని ల్యాబులో ఎలుకల ఆరోగ్యం చూసే మా డాక్టరమ్మ ఏసీ చూసింది. అంతా మామూలే. పెట్టెలు శుభ్రం చేసి కొత్త పీలికలు వేస్తే మర్నాటికి మళ్లీ కట్టాయి. వైరస్ ఎలుకల గదిలో ఒక్కటీ కట్టలేదు. అక్కను పిలిచి చూపించి నవ్వాను. ఆమె మొహం పాలిపోయింది.

“వీటికి ఎవురు సెప్పిరిరా?” అంది.

“ఏం సెప్పాలక్కా?”

“ఏం లేదులే. పని సూడు.”

ఆ వారమే అక్కకు జ్వరం, తలనొప్పి పట్టుకున్నాయి. నాలుగు రోజులకు తగ్గి మళ్లీ పనికి వచ్చింది. అందరికీ వచ్చే జ్వరమే అనుకున్నాం.

మూడు వారాల తర్వాత ఒక బుధవారం ఆమె రాలేదు. ఉదయం తొమ్మిది దాటాక నేనే ఆ గది తెరిచాను. గూళ్లన్నీ పీకేసి ఉన్నాయి. పీలికలు గోడల వైపుకు నెట్టి, ఎలుకలు మూలల్లో ముడుచుకుని కూర్చున్నాయి. మేత ముట్టలేదు. ఇరవై నాలుగు పెట్టెల్లోనూ ఇదే. మూతలకు ఫిల్టర్లు ఉంటాయి, ఒక పెట్టెలో గాలి ఇంకో పెట్టెలోకి పోదు. రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ ఇంకా ఉంది.

పదకొండింటికి బావ ఫోన్ చేశాడు. “పెద్దాసుపత్రిలో ఉండాము. మీ యక్కకి కడుపు పోయింది. పొద్దున తొమ్మిది గంటలకి,” అన్నాడు. ఆమె కడుపుతో ఉందన్న సంగతే నాకు అప్పుడు తెలిసింది.

రోగం లేదనుకున్న ఆ ఎలుకల్లోనే వైరస్ ఉందని నెల తర్వాత రక్తపరీక్షలో బయటపడింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పెద్ద ఎలుకకు సోకితే కొద్ది రోజుల్లో చస్తుంది, లేదా కోలుకుంటుంది. తల్లి కడుపులో ఉండగానే సోకిన పిల్ల మాత్రం పైకి బాగానే ఉంటుంది, బతికినన్నాళ్లూ వైరస్‌ను మోస్తూ పంచుతూ ఉంటుంది. అమ్మినవాళ్ల దగ్గర్నుంచి మాకు వచ్చినవి అలాంటివే. అక్క రక్తంలోనూ అది సోకిన గుర్తు కనబడింది. బిడ్డ పోయింది దానివల్లేనా అంటే ఖాయంగా చెప్పలేమన్నారు. ఎవరిని నిలదీయాలో తెలియలేదు. నిలదీస్తే ముందు నన్నే నిలదీయాలి.

ఆ గదిలో ఉన్నవన్నీ చంపేయమన్నారు. గ్యాసు పెట్టింది నేనే.

వైరస్ సంగతి అర్థమైంది. గూళ్ల సంగతే అర్థం కాలేదు. అక్క ఒంటి వాసన పసిగట్టాయేమో అనుకున్నాను. మరి ఆ బుధవారం ఆమె ఆసుపత్రి మంచం మీద ఉందాయె.

పోయిన నెల అక్కను చూడ్డానికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని టమోటాలు ఏరుతోంది. చాలాసేపు మామూలు మాటలే మాట్లాడింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

“ఆ ఎలికల్ని సంపినప్పుడు ఒక్కటన్నా కడుపుతో ఉండెనా?”

“లేదక్కా. ఒక్కటీ లేదు.”

చేతిలో కాయ కింద పెట్టేసింది.

“మరి ఎవురి కోసరం కట్టినాయిరా?”

నేను ఆమె పక్కన కూర్చుని కాయలు ఏరడం మొదలుపెట్టాను.