చివరి పెట్టె దాటేదాకా

మా పక్కింటి అంకుల్ ఆదివారం మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి "నాన్న ఇక లేరండీ" అనగానే నాకు ముందుగా గుర్తొచ్చింది, నేను ఆయనకు తిరిగి చెయ్యని ఫోను.

ఆయనది తుని. ఉద్యోగమంతా మొగల్‌సరాయ్ జంక్షన్లో, స్టేషన్ మాస్టరుగా. రిటైరయ్యాక ఈ పరాయి దేశంలో, మౌంట్ ఆల్బర్ట్‌లో ఉన్న కూతురి దగ్గరకు వచ్చేశారు. చలికాలం మొగల్‌సరాయ్‌లో పొగమంచుకి బండి కనపడదట, వినపడుతుందట. ప్లాట్‌ఫామ్ మీద తెలుగు మాట చెవిన పడితే చాలు, కాశీకొచ్చిన ఆ యాత్రికుల మూటలు తనే మోసి దారి చూపించేవారట. చెప్పిందే చెప్పేవారు, నేనూ కొత్తగా విన్నట్టే వినేదాన్ని. ఆ స్టేషన్ పేరు మార్చారని వార్త వచ్చిన రోజు మాత్రం ఏ కథా చెప్పలేదు. "ఇక నేనెక్కడ పనిచేశానని చెప్పాలమ్మాయ్?" అన్నారు.

నేను సిటీలో ఆఫీసుకి ట్రైన్లో వెళ్తాను. రోజూ పొద్దున్నే నాతో స్టేషన్‌కి నడిచొచ్చి, బండి కదలగానే జేబులోంచి పచ్చ రుమాలు తీసి చూపించేవారు. చివరి పెట్టె దాటేదాకా కదిలేవారు కాదు. చివరి పెట్టెలోంచి గార్డు తిరిగి జెండా ఊపినట్టు, కిటికీలోంచి నేను చెయ్యి ఊపాలి. "గార్డు జవాబివ్వలేదంటే ఆ బండికేదో అయిందన్నమాటే. వెంటనే ముందొచ్చే స్టేషన్‌కి ఫోన్ చేసెయ్యాలి" అనేవారు. ఇక్కడి బళ్ళు ముందూ వెనకా ఒకేలా ఉంటాయని, చివర గార్డు పెట్టే ఉండదని, వీటినెలా నమ్మేదని ఆయనకో బెంగ.

మొన్న శుక్రవారం పెట్టెలో ఎవరో ఆయన్ని చూసి నవ్వారు. నా పక్కన మా ఆఫీసు ఆమె కూర్చుని ఉంది. ఫోన్‌లోకి తల దించేసుకున్నాను. చెయ్యి ఊపలేదు.

సిటీలో దిగేసరికి ఆయన మిస్డ్ కాల్ ఉంది. లంచ్ టైంలో ఇంకోటి. ఎందుకు చేశారో నాకు తెలుసు. సాయంత్రం వెళ్ళి కనపడదాంలే అనుకున్నాను. సాయంత్రం వానొచ్చింది. శనివారం బట్టలతో, సామాన్లతో గడిచిపోయింది.

"శుక్రవారమంతా మీ ఇంటివైపే చూస్తూ కూర్చున్నారండీ" అంది వాళ్ళమ్మాయి. "ఆ పిల్ల బాగానే ఉందా, కనుక్కోవే అని ఒకటే గోల. లైటు వెలుగుతోంది కదా నాన్నా, వచ్చేసిందిలే అన్నాను."

చదువుకోడానికి ఈ దేశం వచ్చి ఎనిమిదేళ్ళు. నేను క్షేమంగా చేరానో లేదో రోజూ చూసుకున్నది ఆయనొక్కరే. ఆ మనిషికి చెయ్యి ఊపడం నాకు నామోషీ అయింది.

ఈ ఉదయం ట్రైన్లో తలుపు దగ్గరే నిలబడ్డాను. ప్లాట్‌ఫామ్ మీద ఆయన నిలబడే చోట వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. బండి కదిలింది. ఎవరు చూస్తున్నా సరే, ఆ చోటు కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.